ఒకే ఇంట్లో రెండు బడులు

"అమ్మా, ఆ పచ్చిపులుసు గిన్నె ఇటు జరపమని చెప్పు," అన్నాడు బాలకృష్ణ.

గిన్నె శ్యామల చేతికి జానెడు దూరంలో ఉంది. చెప్పవలసిన తల్లి జంపక్క అవతలి గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని కూర్చుంది.

"నీ పెండ్లానికి చెవులు మంచిగనే వినబడతయి కొడుకా. నువ్వే చెప్పు."

బాలకృష్ణ చెప్పలేదు. శ్యామలే గిన్నె జరిపింది. ఆయన దాన్ని చూడనట్టే కూరన్నం రెండు ముద్దలు తిని, నీళ్ల చెంబు అందుకున్నాడు.

ఆదివారం నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ జంపక్క మీదుగానే నడుస్తున్నాయి. చాయ్ కావాలన్నా జంపక్కే, తాళంచెవి ఎక్కడుందన్నా జంపక్కే. మొదటి రోజు ఆమెకు అది సరదాగానే ఉంది. ఇప్పుడు విసుగొచ్చింది.

"నేనేమన్న టెలిఫోనునా?" అంటోంది.

ఆదివారం జరిగింది చిన్నదేమీ కాదు. కారేపల్లి స్టేషన్ రోడ్డులో బాలకృష్ణ నడిపే ఇంగ్లీషు మీడియం హైస్కూల్లో పిల్లల్ని చేర్చడానికి కొందరు తల్లిదండ్రులు ఇంటికే వచ్చారు. వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. మాటల మధ్య ఎవరో ఆయన కూతురు దుర్గను చూసి, "పాప టెన్త్‌కు వచ్చిందా సార్?" అని అడిగారు.

ఆయన జవాబు చెప్పేలోపే దుర్గ చెప్పింది. "అవ్ అంకుల్. నేను టెన్త్ అమ్మవాళ్ల బడిల చదువుత."

అమ్మవాళ్ల బడి అంటే జిల్లా పరిషత్ హైస్కూలు. శ్యామల అక్కడ లెక్కల టీచరు.

వచ్చినవాళ్లు చాయ్ తాగారు. మళ్లీ వస్తామని లేచారు. మళ్లీ రాలేదు.

ఇవాళ బడులు తెరిచే రోజు. దుర్గ లోపలి గదిలోంచి బయటికొచ్చింది. స్నానం చేసింది, జడలు వేసుకుంది గానీ యూనిఫాం తొడుక్కోలేదు. ఇంట్లో వేసుకునే పూల చుడీదార్‌లోనే ఉంది.

"అమ్మా, నీ మనవరాలిని అడుగు," అన్నాడు బాలకృష్ణ చేతులు తుడుచుకుంటూ. "బడికి తయారైందా, కాలేదా అని."

"అయిన డాడీ," అంది దుర్గ. "ఏ బడికో నువ్వు చెప్తే బయల్దేరుత."

జంపక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే గానీ, బాలకృష్ణ కంటపడనే పడింది.

"నవ్వు, నవ్వు. నువ్వు కూడ నవ్వు," అని ఆయన కూతురి వైపు తిరిగాడు. నేరుగా మాట్లాడకూడదన్న పట్టు ఆ క్షణాన మరిచిపోయాడు. "నా బడికి ఏం తక్కువైంది? చెప్పు. ల్యాబు లేదా? సార్లు లేరా? వానొస్తే మీ అమ్మ బడి లెక్క నేను పిల్లల్ని ఇండ్లకు తోలుతున్ననా?"

"మా బడి కురిసే సంగతి ఎందుకులెండి," అంది శ్యామల. "ఆ కప్పు బాగు చేయించమని మా హెడ్మాస్టరు చెంచురామయ్య గారు ఎక్కని మెట్టు లేదు."

"నేను నిన్ను అనలేదు."

"నన్ను అనలేదు. మా కప్పును అన్నారు."

మధిర వైపు నుంచి వచ్చిన కోడలు. ఇన్నేళ్లయినా ఆమె మాటలో ఆ 'అండీ'లూ 'అన్నారు'లూ పోలేదు. కోపం వచ్చినప్పుడు ఆ మర్యాద ఇంకాస్త ఎక్కువవుతుంది. బాలకృష్ణకు అది తెలుసు. అందుకే గొంతు తగ్గించాడు.

"నీ బడికి ఏం తక్కువ లేదు డాడీ," అంది దుర్గ. "అదే వచ్చింది చిక్కు. కొత్తగా పెట్టిన ట్రిపుల్ ఐటీలో టెన్త్ మార్కులు చూసే సీటిస్తరు. సర్కారు బడి పిల్లలకైతే ఇంకొన్ని మార్కులు కలిపి చూస్తరు. మండలానికి ఇన్ని అని పంచుతరంట. నీ బడిల అన్నీ ఉన్నయి కాబట్టి నాకేం కలపరు. నేను ఎంత చదివినా, అమ్మ బడిల ఫస్టొచ్చినోళ్లు నాకంటే ముందుంటరు."

"నర్సరీ నుంచి చదువు చెప్పింది నేను. పేరు సర్కారుకా?"

"పేరు నాకు డాడీ!"

ఆయన కూతుర్ని వదిలి భార్య మీదికి తిరిగాడు.

"నువ్వు చెప్పు శ్యామలా. ఇదేం న్యాయం? నా బడికొచ్చేది దొరల పిల్లలా? మిర్చి కళ్లాలల్ల కూలికి పోయి ఫీజులు కట్టేటోళ్లు ఎంతమంది లేరు? తల్లి చెవుల కమ్మలు తీసి బిడ్డను ఇంగ్లీషు చదివిస్తే, ఆ బిడ్డ కష్టానికి ఏం కలపరా?"

"తియ్యటానికి కమ్మలు కూడా లేనివాళ్లు మా బడికొస్తారండీ," అంది శ్యామల. "పత్తి ఏరే రోజుల్లో నా క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఫిజిక్స్ సారు బదిలీ అయి వెళ్లిపోతే పోయినేడంతా ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. వాళ్లకు వాళ్లే చదువుకొని పరీక్ష రాశారు. ఆ మార్కూ మన పిల్లకొచ్చే మార్కూ ఒకటేనంటారా?"

"ఒకటి కాదంటవ్."

"కాదు."

"మరి ఒకటి కానప్పుడు, వాళ్లకని పెట్టిన దాంట్ల మన పిల్ల పోయి కూర్చోవచ్చునా?"

శ్యామల పులుసు గిన్నె మీద మూత పెట్టింది.

బాలకృష్ణ గెలిచినవాడిలా నవ్వలేదు. స్కూటర్ తాళం తీసుకొని, చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. వాదనలో నెగ్గడానికి అన్న మాట అది. కానీ అది ఆయన వెంట వెళ్లిపోలేదు. ఇంట్లోనే, శ్యామల దగ్గరే ఉండిపోయింది.

"ఇద్దరూ ఒకటే మంచంల పండుకుంటరు," అంది జంపక్క కంచాలు తీస్తూ. "బడులకేమో ఎప్పుడూ కొట్లాటే."

*

బాలకృష్ణ, శ్యామల వరంగల్లులో ఒకే ఏడు బీఎడ్ చదివారు. ఆమెకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఆయనకు రాలేదు. ఆ బాధను ఆయన ఎవరిమీదా చూపలేదు. రేకుల షెడ్డు వేసి చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. కొత్తలో శ్యామల తన బడి నుంచి తిన్నగా ఆ షెడ్డుకు వెళ్లి, సాయంత్రం నీళ్లు చల్లి ఊడ్చేది. దుర్గకు నడక వచ్చింది ఆ షెడ్డులోనే. అలాంటి పిల్ల ఇంకో బడికి పోతానంటే ఆయనకెలా ఉంటుందో శ్యామలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయినా ఆదివారం దుర్గ ఆ మాట అన్నప్పుడు ఆమె గుండెలో ఒక మూల సంతోషం కలిగిన మాట నిజం. 'నా బిడ్డ నా క్లాసులో!' అనుకుంది. ఆ సంతోషం ఆమె ఎవరికీ చెప్పలేదు.

బడికి వెళ్లేసరికి పదో తరగతి గదిలో అప్పుడే ఎవరో నల్లబల్ల కడిగి ఉంచారు. ఇంకెవరు, మహీన్. బస్టాండు దగ్గర దర్జీ దుకాణం నడిపే మున్వర్ కూతురు. ఆరో తరగతి నుంచి శ్యామల దగ్గరే లెక్కలు నేర్చుకుంటోంది. ఆదివారాలు ఇంటికొచ్చి దుర్గతో కలిసి వరండాలో లెక్కలు చేస్తుంది. దుర్గ లెక్క చూడగానే పెన్ను కదుపుతుంది. మహీన్ ముందు కాసేపు లెక్కను చూస్తూ కూర్చుంటుంది. ఆ తర్వాతే రాస్తుంది.

"మేడం," అని ఎదురొచ్చింది మహీన్. మొహమంతా నవ్వే. "దుర్గ మన బడికి వస్తదంట గదా! నా పక్కన జాగ పెట్టిన. ఎవ్వరిని కూసోనియ్యలే."

"ఎవరు చెప్పారు?"

"ఊరంతా అంటున్నరు మేడం. నిజమేనా?"

"చూద్దాం," అంది శ్యామల. పిల్ల కళ్లలోకి చూడలేక హాజరు పట్టీ తెరిచింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు మహీన్ తల్లి ఖతీజా వచ్చింది. స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి, "మేడం, మీ జాకెట్టు కుట్టుడు అయింది. ఇద్దామని వచ్చిన," అంది. జాకెట్టు ఇచ్చినా కదలలేదు. ఇంకేదో ఉంది.

"లోపలికి రా ఖతీజా. కూర్చో."

ఖతీజా కూర్చోలేదు. "మహీన్‌వాళ్ల అబ్బా సంగతి మీకు తెలుసు గదా మేడం. మనిషి మంచోడే, భయం ఎక్కువ. పదో తరగతి అయినంక ఖమ్మం కాలేజీకి దినాం బస్సుల తోలుడు నా వల్ల కాదంటుండు. ఇంట్లనే మిషన్ నేర్పుతనంటుండు. కానీ మీరు చెప్పిన ఆ కాలేజీ ఉన్నది చూడండి, అండ్ల సీటొస్తే మాత్రం పంపుతనని మాటిచ్చిండు. ఆడపిల్లలకు అక్కడనే హాస్టలు, కాపలా, అన్నీ ఉంటయట గదా?"

"ఉంటాయి."

"మీరు చెప్పిన కాడి నుంచి బట్టలు కుట్టించుకోనీకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్తుండు మేడం. మా పిల్ల ఇంజినీరైతదని." ఖతీజా సిగ్గుపడినట్టు నవ్వింది. "వస్తది గదా మేడం?"

పోయినేడు తమ బడి నుంచి ట్రిపుల్ ఐటీకి వెళ్లింది ఒక్క పిల్లే. ఈ ఏడూ అంతకంటే ఎక్కువ సీట్లు వస్తాయన్న ఆశ శ్యామలకు లేదు. ఆ ఒక్క చోటు మహీన్‌ది అని ఆమె మనసులో ఎప్పుడో రాసిపెట్టుకుంది. ఇప్పుడు ఆ చోటు ముందు తన కూతురు నిలబడింది. నర్సరీ నుంచి ఇంగ్లీషులో చదివిన పిల్ల. ప్రతి సబ్జెక్టుకూ సారు ఉన్న బడి నుంచి వచ్చే పిల్ల.

దుర్గకు ఈ సీటు రాకపోతే ఖమ్మం ఉంది. ఖమ్మం కాకపోతే హైదరాబాదు ఉంది. తండ్రి ఎక్కడికైనా పంపుతాడు. ఖతీజా కూతురికి మాత్రం ఉన్నది అదొక్కటే దారి.

"బాగా చదవమను," అంది శ్యామల. తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించింది.

*

సాయంత్రం తొలకరి దంచి కొట్టింది. బాలకృష్ణ తడిసి ముద్దయి ఇల్లు చేరాడు. చొక్కా లోపల దాచుకొచ్చిన పొట్లం తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"మిర్చి బజ్జీలు. సల్లగైతయి, జల్దీ తిను."

దుర్గ తల్లి వైపు చూసింది. తల్లి అత్త వైపు చూసింది. జంపక్క, "నాకేం తెల్వదు. నాతోని చెప్పించలే," అంది.

బాలకృష్ణ తల తుడుచుకొని వచ్చి కూర్చున్నాడు. "పొద్దున మాట్లాడింది బడి నడిపేటోడు. ఇప్పుడు మాట్లాడేది నీ తండ్రి. విను." జేబులోంచి ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన కాగితం తీశాడు. "టీసీ. నేనే రాసిన. గుమాస్తాతోని రాయించబుద్ధి కాలేదు. రేపటి నుంచి మీ అమ్మ బడికి పో."

దుర్గ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

"ప్రేయర్‌ల నేనే అందరికి చెప్పిన. నా బిడ్డ జిల్లా పరిషత్‌ల చదువుతది అని. దాస్తే దాగుతదా? అప్పుడే ఇద్దరు ముగ్గురొచ్చి మా పిల్లల టీసీలు కూడ ఇయ్యమన్నరు. ఇచ్చిన." నవ్వబోయాడు. నవ్వు సరిగా రాలేదు. "వండినోడే తినకపోతే ఇంకెవరు తింటరు? వాళ్లను అనేదేమున్నది? బడి అంటే మళ్లీ నిలబెట్టుకోవచ్చు. నీ ఏడు మళ్లీ రాదు."

"డాడీ!" అంటూ దుర్గ ఆయన తడి భుజం మీద వాలిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. జంపక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

శ్యామల ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఈ మనిషిని చేసుకున్నందుకు ఆమె గర్వపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంతగా గర్వపడిన సందర్భం లేదు. సరిగ్గా ఈ క్షణాన తాను అనబోయే మాట ఆయనను ఎంత గాయపరుస్తుందో తెలుసు. ఇప్పుడు అనకపోతే ఇక ఎప్పుడూ అనలేననీ తెలుసు.

"వద్దండీ," అంది.

"ఏంది వద్దు?"

"దుర్గ మా బడికి రావద్దు."

బాలకృష్ణ చేతిలోని కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పొద్దున అన్నదానికా?" అన్నాడు బాలకృష్ణ. "అది కోపంల అన్న మాట శ్యామలా. పట్టుకొని కూసోకు."

"మీరు కోపంలో అన్నారు. నేను చల్లగా ఆలోచించాను. మహీన్ ఆ చోటు మీదే ఆశ పెట్టుకొని చదువుతోంది. అది రాకపోతే ఆ పిల్ల మిషన్ ముందు కూర్చుంటుంది. మన దుర్గకు ఇది కాకపోతే ఇంకొకటి."

దుర్గ తండ్రి భుజం మీద నుంచి తలెత్తింది. "అమ్మా, నీకు నేను ఎక్కువనా, మహీన్ ఎక్కువనా?"

"ఇదేం ప్రశ్నే?"

"చెప్పు."

"నువ్వు నా బిడ్డవు. అందుకే నీకు వద్దని చెప్పగలుగుతున్నాను. ఆ పిల్లకు చెప్పలేను."

"అంటే కడుపుల పుట్టినందుకు నాకు శిక్షనా?"

శ్యామల ఒక అడుగు ముందుకు వేసింది. దుర్గ వెనక్కి జరిగింది.

జంపక్క గొంతు సవరించుకుంది. ఆమె పుట్టింది గుండాల అవతల అడవిలో. అడవి సంగతి వస్తే తప్ప అంత నెమ్మదిగా మాట్లాడదు. "మా ఊళ్లె ఇప్పపూలు రాలే కాలంల, ఒక చెట్టు ముసలోళ్లకని విడిచిపెట్టేటోళ్లు. నడవలేనోళ్లు నిమ్మళంగ వచ్చి ఏరుకునేటోళ్లు. వేరేటోళ్లు ముట్టుకునేటోళ్లు కాదు."

"చూశావా, నానమ్మ కూడా అదే చెప్తోంది," అంది శ్యామల.

"నేనేం చెప్తలేను. నేను చిన్నప్పుడు పోయి ఆ చెట్టు కిందనే ఏరిన. మా అవ్వ వీపు పగలగొట్టింది," అంది జంపక్క. "ఎందుకు ఏరినవే అంటే, దగ్గరున్నది గనుక ఏరిన అన్న. పిల్లలకు ఏం తెలుస్తది?"

ఇంకెప్పుడైనా అయితే దుర్గ పడీ పడీ నవ్వేది. ఇప్పుడు బజ్జీల పొట్లం నానమ్మ ఒడిలో పెట్టి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

బాలకృష్ణ కాగితం మళ్లీ కవరులో పెట్టాడు. కోప్పడతాడనుకుంది శ్యామల. ఆయన కోప్పడలేదు. అదే ఆమెకు కష్టమనిపించింది.

"మూడు దినాలు నాతోని నేను కొట్లాడి, ఇయ్యాల తెంపు చేసుకొని వచ్చిన," అన్నాడు మెల్లగా. "నువ్వు నాకంటే ముందు పోయి ఇంకెక్కడనో నిలబడ్డవ్. నిన్ను అందుకునుడు నాతోని కాదు."

ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. అలసట కంటే ప్రేమ ఎక్కువగా ఉంది. శ్యామల తువ్వాలు తెచ్చి ఇంకా తడిగానే ఉన్న ఆయన తల తుడిచింది. ఆయన తుడవనిచ్చాడు. ఇద్దరూ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

*

పొద్దున లేచి చూస్తే దుర్గ గది తలుపు తీసి ఉంది. పిల్ల లేదు.

"ఇప్పుడే పోయింది," అంది జంపక్క వాకిట్లో నిలిచిన వాన నీళ్లు చీపురుతో తోస్తూ. "యాడికని అడిగితే వస్త అన్నది."

బాలకృష్ణ స్కూటర్ బయటికి తీసేలోపే గేటు చప్పుడైంది. ముందు దుర్గ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ వెనక మహీన్. ఆ వెనక ఖతీజా. ఎప్పుడూ నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చే ఖతీజా ఇవాళ గేటు దగ్గరే ఆగింది.

శ్యామలకు విషయం అర్థమైంది. "దుర్గా, ఏం చేశావు?"

"ఉన్నది చెప్పిన," అంది దుర్గ.

"లోపలికి రా ఖతీజా."

"వద్దు మేడం. ఒక్క మాట చెప్పి పోత." ఖతీజా గేటు పట్టుకొనే నిలబడింది. "మా పిల్ల కోసం మీ పిల్లను ఆపుతున్నరట. మీ రుణం ఇప్పటికే తీరదు. ఇది మాత్రం మాకొద్దు మేడం. రేపు మహీన్‌కు సీటొస్తే, మేడం బిడ్డ తప్పుకుంటే వచ్చిందంటరు. మా ఆయనకు ఈ సంగతి తెలిస్తే తల ఎత్తుకొని దుకాణంల కూసోలేడు."

"అది కాదు ఖతీజా, నేను అనుకున్నది..."

"మేడం," అంది మహీన్.

ఆ పిల్ల ఎప్పుడూ క్లాసులో చెయ్యెత్తి, పేరు పిలిచాకే మాట్లాడుతుంది. ఇవాళ చెయ్యెత్తలేదు.

"ఒకటి అడగాల్నా మేడం?"

"అడుగమ్మా."

"దుర్గ వస్తే నేను ఓడిపోతనని మీరెట్ల అనుకున్నరు?"

శ్యామల వరండా అంచున కూర్చుంది.

సంవత్సరం మొదట్లో ప్రతి క్లాసులోనూ ఆమె చెప్పే మాట ఒకటుంది. మన బడి పిల్లలు ఎవరికీ తీసిపోరు అని. ఏటేటా చెప్పింది. పిల్లలు నమ్మారు. ఈ పిల్ల అందరికంటే ఎక్కువగా నమ్మింది. నమ్మనిది మాత్రం, ఆ మాట చెప్పిన తానొక్కతే. మనసులో రెండు బడులను పక్కపక్కన పెట్టి, పోటీ మొదలు కాకముందే ఎవరు గెలుస్తారో తీర్పు రాసేసింది. దానికి దయ అని పేరు కూడా పెట్టుకుంది.

"అనుకున్నాను మహీన్," అంది చివరికి. "అనుకోకూడదు. అయినా అనుకున్నాను."

మహీన్ చాలాసేపు ఆమెను చూసింది. లెక్క మొదలుపెట్టే ముందు చూసినట్టే. తర్వాత ఆ మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది.

"గట్లయితే దుర్గను రానియ్యండి మేడం. చూద్దాం."

బాలకృష్ణ పెద్దగా నవ్వేశాడు. ఆదివారం తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినిపించడం అదే మొదలు. "శ్యామలా! నీ బడి పిల్ల నీకంటే గట్టిది!" అని, లోపలికి వెళ్లి కవరు తెచ్చి కూతురి ముందు చాచాడు. "ఇంకేం కావాలె? మీ అమ్మ కూడ ఇప్పుడు కాదనది. తీసుకో బిడ్డా. ఇద్దరూ పోటీపడి చదవండి. ఫిజిక్స్ సారు లేడంటిరి గదా, మా సారును సాయంత్రం ఇక్కడికే పిలుస్త. మహీన్, నువ్వు కూడ రా. ఇద్దరికీ ఒక్కటే పాఠం. అప్పుడు ఎవరికీ వంక ఉండదు."

ఖతీజా మొహం విచ్చుకుంది. శ్యామల కళ్లు తడిశాయి. అంతా ఒడ్డున పడ్డట్టే అనిపించింది.

దుర్గ మాత్రం చెయ్యి చాచలేదు.

ఆమె మహీన్ వైపు చూస్తోంది. కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఆరో తరగతి నుంచి ఒకే చాప మీద కూర్చొని లెక్కలు చేసిన పిల్ల, తనను పోటీకి రమ్మని ఇంత నిబ్బరంగా పిలిచింది. అంత నిబ్బరం తనకుందా అని వెతుక్కుంటున్నట్టుంది దుర్గ ముఖం.

"తీసుకో," అన్నాడు బాలకృష్ణ మళ్లీ. "ఏమైంది?"

"డాడీ, ఒకటి అడుగుత. కోప్పడొద్దు."

"అడుగు."

"నర్సరీ నుంచి నాకు ప్రతి ఏడూ ఫస్టే వచ్చింది. నా పేపర్లు దిద్దిన సార్లందరికీ జీతాలిచ్చేది నువ్వు." దుర్గ గుటక మింగింది. "నాకు ఫస్టు నిజంగ వచ్చిందా? నీ బిడ్డనని ఇచ్చిన్రా?"

బాలకృష్ణ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

'పిచ్చిదానా, నిజంగనే వచ్చింది.' అంతే అనాలి. అనడానికి ఎంతసేపు? శ్యామల ఆ మాట కోసం ఆయన పెదవుల వైపే చూసింది. ఖతీజా చూసింది. మహీన్ తల దించుకుంది.

ఆయన పెదవులు కదిలాయి. మాట మాత్రం రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో తాను ఎన్నడూ చూడని బెదురు శ్యామలకు ఆయన కళ్లలో కనిపించింది.

జంపక్క చీపురు కింద పెట్టింది.

"చెప్పు కొడుకా," అంది మెల్లగా. "బిడ్డ అడుగుతుంది గదా."